పిల్లల టాన్సిల్స్, ఎడినాయిడ్స్: ఆగి చూడాలా, మందులు వాడాలా, తీయించాలా?

ఒక డాక్టర్ "తీసేద్దాం" అంటారు. ఇంకో డాక్టర్ "ఆరు నెలలు చూద్దాం, వయసుతో అవే తగ్గుతాయి" అంటారు. ఇంట్లో పెద్దవాళ్లేమో "ఇంత చిన్నపిల్లకి మత్తిచ్చి కోయించడమేంటి, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుందేమో" అని భయపడతారు. ముగ్గురి మాటల్లోనూ ఎంతో కొంత నిజం ఉంటుంది కాబట్టే ఈ నిర్ణయం తీసుకోవడం ఇంత కష్టం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తీయించాలా వద్దా అనేదానికంటే ముందు తేలాల్సింది, అసలు దేనికోసం తీస్తున్నారు అన్నది. మాటిమాటికీ వచ్చే గొంతు ఇన్ఫెక్షన్ల కోసమా, లేక రాత్రిపూట నిద్రలో ఊపిరి సరిగా ఆడకపోవడం వల్లా? ఆపరేషన్ పేరు ఒకటే అయినా ఈ రెండూ పూర్తిగా వేరు సమస్యలు. ఇన్ఫెక్షన్ల విషయంలో ఆగి చూడటానికి చాలా వెసులుబాటు ఉంది, ఎందుకంటే ఎక్కువమంది పిల్లల్లో అవి ఏడాదికేడాది తగ్గుతూ వస్తాయి. ఊపిరి సమస్య గట్టిగా ఉన్నప్పుడు మాత్రం ఆగిన కొద్దీ నిద్ర, ఎదుగుదల, ప్రవర్తన అన్నీ దెబ్బతింటాయి. డాక్టర్ దగ్గర నుంచి బయటికి వచ్చేలోపు "మా పాపకి ఇది ఏ కారణం కిందకి వస్తుంది?" అన్న ఒక్క ప్రశ్నకి స్పష్టమైన జవాబు తెచ్చుకుంటే సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

## పెద్దగా ఉన్నంత మాత్రాన తీయక్కర్లేదు

టాన్సిల్స్ నోరు తెరిస్తే నాలుక వెనక రెండు పక్కలా కనిపిస్తాయి. ఎడినాయిడ్స్ ముక్కు వెనక, అంగిలికి పైన దాక్కుని ఉంటాయి, నోరు తెరిచి చూస్తే కనపడవు. వాటిని చూడాలంటే పక్కనుంచి తీసిన ఎక్స్‌రే గానీ, ముక్కులోంచి పంపే సన్నటి కెమెరా గొట్టం గానీ కావాలి. రెండూ రోగనిరోధక వ్యవస్థలో భాగమే. సుమారు 3 నుంచి 7 ఏళ్ల మధ్య ఇవి గొంతు సైజుతో పోలిస్తే బాగా పెద్దగా ఉంటాయి, యుక్తవయసు దగ్గరపడే కొద్దీ కుంచించుకుపోతాయి. "వయసుతో తగ్గుతాయి" అన్న మాట ఇక్కడి నుంచే వచ్చింది, అది నిజమే. కానీ మీ బిడ్డ ఆ వయసు వచ్చేదాకా ఎలా నిద్రపోతోంది అన్నదానికి ఆ మాటలో సమాధానం లేదు.

టాన్సిల్స్‌ని డాక్టర్లు 1 నుంచి 4 వరకు గ్రేడ్లుగా చెప్తారు. 4 అంటే రెండు పక్కలవీ దాదాపు మధ్యలో తగులుకుంటున్నాయని అర్థం. ఆ అంకె విని కంగారుపడొద్దు. 4వ గ్రేడ్ ఉన్నా హాయిగా నోరు మూసుకుని నిద్రపోయే పిల్లలున్నారు, 2వ గ్రేడే అయినా వెనక ఎడినాయిడ్స్ పెద్దవై రాత్రంతా అవస్థ పడేవాళ్లూ ఉన్నారు. సైజు ఒక్కటే చూసి ఆపరేషన్ అని ఎవరైనా చెప్తే, రెండో అభిప్రాయం తీసుకోండి.

## నిర్ణయానికి నిజంగా పనికొచ్చే కొలతలు

ఇన్ఫెక్షన్ల లెక్క. గొంతు ఇన్ఫెక్షన్ల కోసమే అయితే ప్రపంచంలో ఎక్కువచోట్ల డాక్టర్లు చూసే లెక్క ఒకటుంది: గడిచిన ఏడాదిలో 7 సార్లు, లేదా వరసగా రెండేళ్లు ఏడాదికి 5 సార్లు, లేదా మూడేళ్లు ఏడాదికి 3 సార్లు. ఈ లెక్క జాక్ పారడైజ్ అనే పిల్లల డాక్టర్, ఆయన బృందం అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో చేసి 1984లో ప్రచురించిన పరిశోధన నుంచి వచ్చింది. ఇందులో ప్రతిసారీ గొంతునొప్పితో పాటు కనీసం ఒక గుర్తు ఉండాలి: 38.3 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, మెడ దగ్గర బిళ్లలు ఉబ్బడం, టాన్సిల్స్ మీద తెల్లటి చీము పొర, లేదా స్ట్రెప్ (గొంతులో చేరే ఒక రకం బ్యాక్టీరియా) పరీక్ష పాజిటివ్. మామూలు జలుబుకి గొంతు గరగరలాడితే అది లెక్కలోకి రాదు.

ఈ లెక్క జ్ఞాపకం మీద వేయకండి. అడిగితే అందరం "ఎప్పుడూ జ్వరమే" అంటాం, రాసిపెట్టుకున్న పుస్తకం తీసి చూస్తే ఏడాదికి నాలుగు ఉంటాయి. తేదీ, ఎంత జ్వరం, డాక్టర్ గొంతు చూసి ఏమన్నారు, ఏ మందు ఇచ్చారు, ఎన్ని రోజులు బడి మానేసింది, ఇవి రాసి పెట్టుకుంటే మీకూ డాక్టర్‌కీ ఇద్దరికీ పని తేలికవుతుంది.

లెక్క అందుకోకపోయినా తీయించడం గురించి ఆలోచించాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. చాలా యాంటీబయోటిక్స్ పడని పిల్లలు, టాన్సిల్ పక్కన చీముగడ్డ ఒకటికి మించి సార్లు కట్టినవాళ్లు, కొన్ని వారాలకోసారి గడియారం పెట్టినట్టు జ్వరం, నోటిపూత, గొంతునొప్పి కలిసి వచ్చే ఒక ప్రత్యేకమైన జబ్బు ఉన్నవాళ్లు.

రాత్రి ఊపిరి. దీనికి పుస్తకం చాలదు, కళ్లతో చూడాలి. తెల్లవారుజామున పక్కన కూర్చుని గమనించండి, ఎందుకంటే ఆ వేళల్లో ఎక్కువగా వచ్చే కలల నిద్రలో ఇబ్బంది ఎక్కువగా బయటపడుతుంది. మెడ వెనక్కి విరిచి, నోరు తెరిచి పడుకుంటుంది. గురక ఒక లయలో నడుస్తూ ఉన్నట్టుండి ఆగుతుంది. ఛాతీ, పొట్ట కదులుతూనే ఉంటాయి, పక్కటెముకల కింద గుంట పడుతుంది, కానీ గాలి చప్పుడు ఉండదు. కొన్ని సెకన్ల తర్వాత ఒక పెద్ద ఎగశ్వాస, ఒళ్లంతా ఒకసారి కదిలి పక్కకి తిరిగి మళ్లీ గురక మొదలు. మా బాబు విషయంలో ఇది నేను కళ్లారా చూశాక గానీ "గురకే కదా" అనడం ఎంత తప్పుడు మాటో అర్థం కాలేదు. చొక్కా తీసి, ఛాతీ, ముఖం రెండూ కనపడేలా, చప్పుడు వినపడేలా ఫోన్లో వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి. మీరు నోటితో చెప్పే దానికంటే అది చాలా ఎక్కువ చెప్తుంది.

పగలు కనిపించే గుర్తులు: పొద్దున్నే లేపడం కష్టం, చిరాకు, ఒకచోట కుదురుగా కూర్చోలేకపోవడం, ఎప్పుడూ తెరిచి ఉండే నోరు, ముక్కుతో మాట్లాడినట్టు గొంతు, నమలడానికి బద్ధకం, బరువు పెరగకపోవడం, ఆగిపోయిన పక్క తడపడం మళ్లీ మొదలవడం. పెద్దవాళ్లలా పగలు తూగకపోవచ్చు, నిద్ర చాలని పిల్లలు చాలామంది మగతగా కాకుండా అతిగా గెంతుతూ ఉంటారు.

అనుమానం తేలకపోతే స్లీప్ స్టడీ, అంటే నిద్రపోతున్నప్పుడు ఊపిరిని కొలిచే పరీక్ష, చేస్తారు. అందులో గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా తగ్గింది అన్నది అంకెల్లో వస్తుంది. పిల్లల్లో గంటకి 1 దాటితేనే మామూలు కాదు అంటారు, 10 దాటితే తీవ్రం. రెండేళ్లలోపు పిల్లలకి, ఊబకాయం, డౌన్ సిండ్రోమ్, ముఖం ఎముకల్లో తేడాలు, కండరాల జబ్బులు, సికిల్ సెల్ అనే రక్త జబ్బు వంటివి ఉన్నవాళ్లకి ఆపరేషన్‌కి ముందే ఈ పరీక్ష చేయించమని అమెరికా ఈఎన్‌టీ డాక్టర్ల సంఘం 2019లో సవరించిన మార్గదర్శకాలు చెప్తున్నాయి.

ఇంటి పరిస్థితి. దీన్ని ఎవరూ కొలతగా చూడరు, నేనైతే చూడమంటాను. ఆపరేషన్ తర్వాత రెండు వారాలు ఒక పెద్దవాళ్లు పూర్తిగా బిడ్డతోనే ఉండగలగాలి. రాత్రి పూట రక్తం కనిపిస్తే వెంటనే చేరుకోగలిగే దూరంలో ఆస్పత్రి ఉండాలి. ఇవి కుదరని నెలలో తొందరలేని ఆపరేషన్ పెట్టుకోవడం తెలివైన పని కాదు.

## మీ ముందున్న దారులు

### ఆగి చూడటం

ఇది ఏమీ చేయకపోవడం కాదు. లెక్క రాసుకుంటూ, రాత్రి గమనిస్తూ, మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టర్‌కి చూపిస్తూ ఉండటం.

ఇన్ఫెక్షన్లు పైన చెప్పిన లెక్కకి తక్కువగా ఉంటే నా ఓటు దీనికే. పిట్స్‌బర్గ్ పరిశోధనలోనే ఆపరేషన్ చేయని పిల్లల్లోనూ చాలామందికి ఇన్ఫెక్షన్లు వాటంతటవే తగ్గాయి. తీయించినవాళ్లకి మొదటి రెండేళ్లు స్పష్టమైన లాభం కనిపించింది, ఆ తర్వాత తేడా తగ్గుతూ వచ్చింది. అదే బృందం తర్వాత, అంత ఎక్కువగా జబ్బు పడని పిల్లల మీద చేసి 2002లో ప్రచురించిన పనిలో, లాభం ఉన్నా అది ఆపరేషన్ కష్టానికి తగినంత కాదని తేల్చింది.

ఊపిరి సమస్యలో కూడా, తీవ్రంగా లేనప్పుడు, ఆగడం తప్పు కాదు. 2013లో అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు 464 మందితో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉన్నా ఆక్సిజన్ మరీ పడిపోనివాళ్లనే తీసుకున్నారు. ఏడు నెలల తర్వాత చూస్తే వెంటనే ఆపరేషన్ చేయించినవాళ్లలో 79 శాతం మందికి స్లీప్ స్టడీ మామూలు స్థితికి వచ్చింది. ఆగి చూసినవాళ్లలోనూ 46 శాతం మందికి దానంతటదే మామూలైంది. మరి ఆగితే పోయేదేముంది అంటే, ఆపరేషన్ అయిన పిల్లల్లో ప్రవర్తన, నిద్ర, రోజువారీ హుషారు ఎక్కువ మెరుగయ్యాయి. శ్రద్ధ, ఆలోచనా శక్తిని కొలిచే పరీక్షల్లో మాత్రం రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. "ఆపరేషన్ చేయిస్తే చదువులో ముందుంటాడు" అన్న ఆశతో వెళ్లొద్దని చెప్పడానికే ఈ మాట ఎత్తాను.

### స్ప్రేలు, మందులు

ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీటి స్ప్రే, మాంటెలూకాస్ట్ మాత్ర, ఈ మూడే ఎక్కువగా వినపడతాయి. తేలికపాటి గురకకి, ఎడినాయిడ్స్ వాపుకి, ముక్కు ఎలర్జీ ఉన్న పిల్లలకి ఆరు వారాల ప్రయత్నం తప్పకుండా చేయదగ్గదే.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక విషయం ఉంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 3 నుంచి 12 ఏళ్ల పిల్లల మీద చేసిన పరిశోధన ఒకటి 2023లో వచ్చింది. స్టెరాయిడ్ స్ప్రే వాడినవాళ్లలో 44 శాతం మందికి, ఉత్త ఉప్పునీటి స్ప్రే వాడినవాళ్లలో 41 శాతం మందికి ఆరు వారాల్లో లక్షణాలు పోయాయి. అంటే రెండింటికీ తేడా లేనట్టే. అందుకని తేలిక లక్షణాలుంటే ముందు ఉప్పునీటి స్ప్రేతోనే మొదలుపెట్టొచ్చా అని మీ డాక్టర్‌ని అడగండి.

మాంటెలూకాస్ట్ విషయంలో జాగ్రత్త. పీడకలలు, కోపం, దిగులు వంటి మానసిక మార్పులు రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2020లో దాని మీద తమ అత్యంత గట్టి హెచ్చరిక పెట్టింది. వాడొద్దని కాదు, వాడుతున్నప్పుడు బిడ్డ స్వభావంలో తేడా కనిపిస్తే దాన్ని అల్లరిగా కొట్టిపారేయకుండా వెంటనే డాక్టర్‌కి చెప్పాలని.

తీవ్రంగా ఊపిరి ఆగే పిల్లలకి స్ప్రేలతో నెలలు నెట్టుకురావడం మాత్రం నాకు సమ్మతం కాదు. గొంతు ఇన్ఫెక్షన్లకి రోజూ యాంటీబయోటిక్ వాడుతూ ఉండటం కూడా దారి కాదు.

### ఎడినాయిడ్స్ మాత్రమే తీయించడం

టాన్సిల్స్ చిన్నగా ఉండి, ముక్కు పూర్తిగా మూసుకుపోయి నోటితోనే ఊపిరి పీల్చే పిల్లలకి, చెవి లోపల, కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి తగ్గినవాళ్లకి ఇది సరిపోవచ్చు. నొప్పి చాలా తక్కువ, కొద్ది రోజుల్లోనే లేచి ఆడుకుంటారు, రక్తస్రావం అరుదు. చెవి నీటి కోసమే అయితే నాలుగేళ్లలోపు పిల్లలకి చెవిలో చిన్న గొట్టం పెట్టడమే మొదటి మార్గం, నాలుగు దాటినవాళ్లలో ఎడినాయిడ్స్ తీయడం వల్ల అదనపు లాభం ఉంటుంది.

దీని లోపం, చిన్న వయసులో తీస్తే కొందరిలో మళ్లీ పెరుగుతాయి. లేదా తర్వాత టాన్సిల్స్ పెద్దవై ఇంకోసారి మత్తు ఇవ్వాల్సి రావొచ్చు.

### రెండూ కలిపి తీయించడం

నిద్రలో ఊపిరి ఆగే సమస్య స్పష్టంగా ఉండి, టాన్సిల్స్ కూడా పెద్దగా ఉంటే ఇదే మొదటి వైద్యం. ఫలితం చాలాసార్లు వెంటనే తెలుస్తుంది. గొంతు వాపు తగ్గాక ఆ నిశ్శబ్దమైన నిద్ర చూసి, ఊపిరి తీసుకుంటున్నాడా లేదా అని లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే తల్లిదండ్రులం మేమొక్కళ్లమే కాదు. ఊబకాయం ఉన్న పిల్లల్లో మాత్రం ఆపరేషన్ తర్వాత కూడా సమస్య కొంత మిగిలిపోయే అవకాశం ఎక్కువ, పైగా ఆపరేషన్ అయ్యాక బరువు పెరగడం మామూలే, అది ముందే తెలుసుకుని ఉండాలి.

తేలికపాటి గురక మాత్రమే ఉన్నవాళ్ల విషయంలో 2023లో 459 మంది పిల్లలతో చేసిన ఇంకో పరిశోధన వచ్చింది. ఏడాది తర్వాత శ్రద్ధ, ఆలోచనా శక్తిలో తేడా లేదు, కానీ ప్రవర్తన, లక్షణాలు, జీవన నాణ్యత ఆపరేషన్ అయినవాళ్లలో మెరుగ్గా ఉన్నాయి. కాబట్టి తేలిక గురకలో ఎటు మొగ్గినా తప్పు లేదు, బిడ్డకి పగలు ఎంత ఇబ్బంది ఉందన్నదే తేల్చాలి.

| | ఆగి చూడటం | స్ప్రే, మందులు | ఎడినాయిడ్స్ మాత్రమే | రెండూ తీయడం |
|---|---|---|---|---|
| బాగా సరిపోయేది | లెక్క తక్కువ ఉన్న ఇన్ఫెక్షన్లు, తేలిక గురక | తేలిక గురక, ముక్కు ఎలర్జీ | మూసుకుపోయిన ముక్కు, చెవిలో నీరు | ఊపిరి ఆగడం, లెక్క దాటిన ఇన్ఫెక్షన్లు |
| సరిపోనిది | తీవ్రంగా ఊపిరి ఆగడం | తీవ్రంగా ఊపిరి ఆగడం, తరచూ చీము ఇన్ఫెక్షన్లు | టాన్సిల్స్ కూడా పెద్దవైతే | సైజు తప్ప వేరే కారణం లేనివాళ్లు |
| నొప్పి | లేదు | లేదు | తక్కువ, కొద్ది రోజులు | ఎక్కువ, ఒకటి నుంచి రెండు వారాలు |
| ముఖ్యమైన ప్రమాదం | నిద్ర, ఎదుగుదల దెబ్బతినడం | ఆలస్యం, మందు ప్రభావాలు | మళ్లీ పెరగడం | రక్తస్రావం, నీరు తగ్గిపోవడం |
| వెనక్కి తిరగొచ్చా | ఎప్పుడైనా | ఎప్పుడైనా | తీసినదాన్ని తిరిగి పెట్టలేం | తీసినదాన్ని తిరిగి పెట్టలేం |

## తీయించాలనుకుంటే: పూర్తిగానా, కొంత వదిలేసా?

డాక్టర్లు దీని గురించి వాళ్లంతట వాళ్లు చెప్పకపోవచ్చు, మీరే అడగండి. పూర్తిగా తీయడమంటే టాన్సిల్‌ని దాని పొరతో సహా, కింద ఉన్న కండరం నుంచి విడదీసి తీసేయడం. ఇంకో పద్ధతిలో లోపలి కండని మాత్రం గీసి తీసేసి, కండరం మీద ఒక పల్చటి పొరని వదిలేస్తారు. కండరం బయటపడదు కాబట్టి నొప్పి తక్కువ, తినడం తొందరగా మొదలవుతుంది, ఆలస్యంగా వచ్చే రక్తస్రావమూ తక్కువ. దీనికి బదులుగా మీరు ఒప్పుకోవాల్సింది, మిగిలిన కండ మళ్లీ పెరిగే అవకాశం. వందలో కొద్దిమందికే అది ఇంకో ఆపరేషన్ దాకా వెళ్తుంది, మరీ చిన్నవయసు పిల్లల్లో కాస్త ఎక్కువ.

నా మొగ్గు ఇలా ఉంటుంది: ఊపిరి కోసమే తీస్తున్న చిన్నపిల్లలకి, ఆ పద్ధతిలో చేయి తిరిగిన సర్జన్ దొరికితే, కొంత వదిలేయడం మంచి ఎంపిక. ఇన్ఫెక్షన్ల కోసం తీస్తుంటే ఎక్కువమంది సర్జన్లు పూర్తిగా తీయడానికే ఇష్టపడతారు, అందులో తర్కం ఉంది.

ఇక పరికరాల సంగతి. చల్లటి పద్ధతి అంటే మామూలు స్టీలు పనిముట్లతో విడదీయడం. కరెంటుతో కాల్చే పద్ధతిలో ఆపరేషన్ సమయంలో రక్తం తక్కువ పోతుంది, తర్వాత నొప్పి ఎక్కువ. కోబ్లేషన్‌లో ఉప్పునీటి గుండా విద్యుత్తు పంపి తక్కువ వేడితో కండని కరిగిస్తారు. 2003-04లో ఇంగ్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో సుమారు 34 వేల ఆపరేషన్లని గమనించిన జాతీయ ఆడిట్‌లో, వేడి వాడిన పద్ధతుల్లో తర్వాత రక్తస్రావం ఎక్కువగా కనిపించింది. అయినా పరికరం పేరు చూసి ఆస్పత్రిని ఎంచుకోకండి. సర్జన్ రోజూ ఏది వాడతారో, పిల్లలకి మత్తు ఇవ్వడంలో అనుభవం ఉన్న మత్తు డాక్టర్ ఉన్నారా లేదా అన్నది పరికరం కంటే చాలా ముఖ్యం.

## అదే రోజు ఇంటికా, ఒక రాత్రి ఆస్పత్రిలోనా?

మూడేళ్లు దాటి, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. మూడేళ్లలోపు వాళ్లు, గంటకి 10 సార్లకి మించి ఊపిరి ఆగేవాళ్లు, నిద్రలో ఆక్సిజన్ 80 శాతం కంటే కిందికి పడిపోయేవాళ్లు రాత్రి ఆస్పత్రిలోనే ఉండాలి. ఇందులో బేరం లేదు. గొంతు వాచి, మత్తు ప్రభావం ఇంకా ఉన్న ఆ మొదటి రాత్రే ఊపిరికి కష్టమైన సమయం. "ఇంట్లో అయితే హాయిగా పడుకుంటాడు" అని తొందరపెట్టి డిశ్చార్జ్ చేయించుకోకండి.

## ఎవరు ఎటు మొగ్గితే మంచిది

పిల్ల రాత్రి ఊపిరి ఆగి ఎగశ్వాస తీస్తోంది, బరువు పెరగడం లేదు: ఆగొద్దు. మందుల ప్రయోగాలతో కాలం గడపొద్దు. ఈఎన్‌టీ డాక్టర్ని కలిసి తేదీ గురించి మాట్లాడండి.

రెండేళ్లలోపు బిడ్డ: ముందు స్లీప్ స్టడీ, పిల్లల ఐసీయూ ఉన్న ఆస్పత్రి. ఈ వయసులో మత్తు గురించి భయం సహజం. పసిపిల్లలకి ఒక్కసారి, గంటలోపు ఇచ్చిన మత్తు వల్ల ఐదేళ్ల వయసులో తెలివితేటల్లో తేడా కనిపించలేదని 2019లో వచ్చిన అంతర్జాతీయ పరిశోధన చెప్పింది, ఈ ఆపరేషన్ మామూలుగా గంటలోపే అయిపోతుంది.

జ్వరాలు ఎక్కువ, నిద్ర బాగానే ఉంది: పుస్తకం పెట్టండి, లెక్క అందేదాకా ఆగండి. బడిలో చేరిన మొదటి ఏడాది ఏ పిల్లలకైనా జబ్బులు ఎక్కువే, ఆ ఒక్క ఏడాదిని చూసి నిర్ణయించకండి.

ఊబకాయం ఉన్న బిడ్డ: ఆపరేషన్ ఉపయోగపడుతుంది, కానీ అదొక్కటే చాలకపోవచ్చు. కొన్ని నెలల తర్వాత మళ్లీ స్లీప్ స్టడీ చేయించేలా ముందే మాట్లాడుకోండి.

కొండనాలుక రెండుగా చీలినట్టు ఉన్నా, పాలు ముక్కులోంచి వచ్చే అలవాటు ఉన్నా: ఎడినాయిడ్స్ తీయకముందే సర్జన్‌కి చూపించండి. అంగిలిలో పైకి కనపడని చీలిక ఉన్న పిల్లల్లో ఎడినాయిడ్స్ పూర్తిగా తీస్తే మాట ముక్కులోంచి వచ్చే సమస్య మిగిలిపోవచ్చు.

రోగనిరోధక శక్తి పోతుందేమో అన్న భయం అందరిదీ. గొంతులో, ఒంట్లో అదే పని చేసే కండ ఇంకా చాలా ఉంది, అందువల్ల తీసినంత మాత్రాన పిల్లలు తరచూ జబ్బు పడే స్థితికి వస్తారని నిరూపణ కాలేదు. 2018లో డెన్మార్క్ రికార్డుల ఆధారంగా వచ్చిన ఒక అధ్యయనం, చిన్నప్పుడు తీయించుకున్నవాళ్లలో తర్వాత శ్వాస సంబంధ జబ్బులు కొంత ఎక్కువ అని చెప్పింది. అయితే అది రికార్డులు పోల్చి చూసిన పని, ఆపరేషనే కారణమని దానితో తేల్చలేం, ముందునుంచీ జబ్బుపడే పిల్లలకే ఆపరేషన్ జరిగి ఉండొచ్చు కదా. నేను దాన్ని ఇలా తీసుకుంటాను: గట్టి కారణం ఉంటే ఈ అధ్యయనం చూసి ఆగక్కర్లేదు, కారణం బలహీనంగా ఉంటే ఆగడానికి ఇదొక అదనపు కారణం.

## ఆ రెండు వారాలు

ఈ భాగం చదివాకే చాలామంది తేదీ మార్చుకుంటారు, అది మంచిదే. మత్తు దిగేటప్పుడు కొందరు పిల్లలు గట్టిగా ఏడుస్తూ, కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ, మిమ్మల్ని కూడా గుర్తుపట్టనట్టు ఉంటారు. అరగంటలోపు అది తగ్గిపోతుంది, వాళ్లకి గుర్తు కూడా ఉండదు.

నొప్పి మొదటి రోజు కంటే మూడో రోజు నుంచి వారం దాకా ఎక్కువ కావొచ్చు. మొదటి రెండు రోజులు బాగున్నాడని మందు ఆపేస్తే నాలుగో రోజు నీళ్లు కూడా మింగడు. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ బరువుని బట్టి, డాక్టర్ రాసిన వేళకి, అడగకముందే ఇస్తూ ఉండాలి. ఐబుప్రోఫెన్ కొందరు సర్జన్లు వద్దంటారు, మార్గదర్శకాలు ఇవ్వొచ్చంటాయి, మీ సర్జన్ మాట వినండి. కోడీన్ అనే నొప్పి మందు మాత్రం 12 ఏళ్లలోపు పిల్లలకి ఇవ్వకూడదు. కొందరి శరీరం దాన్ని అతివేగంగా మార్ఫిన్‌గా మార్చేస్తుంది, దానివల్ల ఊపిరి ఆగి పిల్లలు చనిపోయిన ఘటనలు ఉన్నాయి. ట్రమడాల్, ఆస్పిరిన్ కూడా వద్దు.

గొంతులో తీసినచోట తెల్లగా, పసుపుగా పెచ్చు కడుతుంది. అది చీము కాదు. నోటి వాసన భరించలేనంతగా ఉంటుంది, చెవులు నొప్పి అంటారు, చెవికీ గొంతుకీ ఒకే నరం ఉండటం వల్ల అది. చల్లనివే పెట్టాలన్న నియమం లేదు, మింగగలిగింది ఏదైనా పర్లేదు. తిండి రెండు మూడు రోజులు తగ్గినా ఫర్వాలేదు గానీ నీళ్లు తగ్గకూడదు. మా బాబు గ్లాసు చూస్తేనే మూతి తిప్పేసేవాడు, చెంచాతో ఒక్కో గుక్క, మందు వేసిన అరగంటకి, అలా తాగించాం. పొద్దున్నుంచి మూత్రం పోయలేదంటే ఆస్పత్రికి ఫోన్ చేయాల్సిందే.

రక్తస్రావం రెండు దశల్లో వస్తుంది: మొదటి 24 గంటల్లో, తర్వాత పెచ్చులు ఊడే సమయంలో, అంటే ఎక్కువగా 5 నుంచి 10 రోజుల మధ్య. వందలో కొద్దిమందికే వస్తుంది, కానీ వచ్చినప్పుడు ఇంట్లో ఆగి చూసే విషయం కాదు. ఉమ్మిలో ఎర్రటి తాజా రక్తం, రక్తపు వాంతి, లేదా నిద్రలో ఊరికే మాటిమాటికీ మింగుతూ ఉండటం, వీటిలో ఏది కనిపించినా కూర్చోబెట్టి, ముందుకి వంచి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. కాసేపటికి ఆగిపోయినా సరే వెళ్లాలి.

## తేదీ ఖాయం చేసుకునే ముందు

సర్జన్‌ని అడగాల్సినవి: పూర్తిగా తీస్తారా, కొంత వదిలేస్తారా, ఎందుకు? రాత్రి ఉంచుతారా? అర్ధరాత్రి రక్తం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఎక్కడికి రావాలి? సమస్య మిగిలిపోతే తర్వాత ఏం చేస్తారు?

మీరు చెప్పాల్సినవి: ఇంట్లో ఎవరికైనా దెబ్బ తగిలితే రక్తం ఆగని జబ్బు ఉందా, మత్తుతో ఎవరికైనా ఇబ్బంది వచ్చిందా, బిడ్డకి ఉబ్బసం ఉందా, పళ్లు ఏవైనా కదులుతున్నాయా. గడిచిన రెండు వారాల్లో జలుబు, దగ్గు, జ్వరం వచ్చి ఉంటే దాచకండి, మత్తు డాక్టర్ వాయిదా వేయమంటే వేయండి. తిండి ఎన్ని గంటల ముందు ఆపాలి, నీళ్లు ఎన్ని గంటల ముందు ఆపాలి అన్నవి వేరువేరుగా రాయించుకోండి, నీళ్లు చాలా తర్వాత దాకా ఇవ్వొచ్చు, బిడ్డని రాత్రంతా దాహంతో ఉంచక్కర్లేదు. ఆపరేషన్ అయిన రెండు వారాల్లో విమాన ప్రయాణాలు, పెళ్లిళ్లు, దూరపు ఊళ్లు ఏవీ పెట్టుకోకండి. బడికి ముందే చెప్పి ఉంచండి, తోటి పిల్లలతో పరుగులు, ఈత కూడా ఆ రెండు వారాలు వద్దు.